స్మోక్ డిటెక్టర్ నోరు మూయించాలంటే బ్యాటరీ పీకక్కర్లేదు

స్మోక్ డిటెక్టర్ గురించి ఎవరు అడిగినా ప్రశ్నలు రెండే. పొగా లేదు, మంటా లేదు, నిమిషానికోసారి ఎందుకు కీచుమంటోంది? తాలింపు పెట్టిన ప్రతిసారీ వీధంతా వినపడేలా ఎందుకు మోగుతోంది? చాలా ఇళ్లలో ఈ రెండింటికీ ఒకటే మందు. కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకడం, డిటెక్టర్‌ను అటక మీద పడేయడం.

దయచేసి ఆ పని చేయకండి. నిద్రలో ఉన్న మనిషికి పొగ వాసన తగిలి మెలకువ వస్తుందని నమ్మడానికి లేదు. ఏసీ ప్లగ్గులోనో, ఇన్వర్టర్ వైరు దగ్గరో లోలోపల రాజుకునే మంట చాలాసేపు పొగనే కక్కుతుంది, వెలుగు కనపడదు. ఆ వ్యవధిలో మనల్ని లేపేది ఆ గోడకో సీలింగుకో ఉన్న చిన్న డబ్బా ఒక్కటే. అది ఊరికే అరవదు. ప్రతి అరుపుకీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణాల్లో చాలా వాటికి అరగంటలో విరుగుడు దొరుకుతుంది. ఎక్కువ ఇళ్లలో అసలు దోషం డిటెక్టర్‌ది కాదు. నాసిరకం బ్యాటరీది, లేదా బిగించిన చోటుది.

ముందు ఏ శబ్దమో తేల్చుకోండి

గట్టిగా మూడు బీప్‌లు, కొంచెం విరామం, మళ్లీ మూడు బీప్‌లు వస్తుంటే అది పొగ హెచ్చరిక. అర సెకను మోత, అర సెకను మౌనం, ఇలా మూడో మోత అయ్యాక ఒకటిన్నర సెకను ఆగి మళ్లీ మొదలవుతుంది. చవక మోడళ్లు కొన్ని ఈ పద్ధతి పాటించకుండా ఏకబిగిన మోగుతాయి. నాలుగేసి బీప్‌లు వస్తుంటే అది కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విష వాయువు) హెచ్చరిక. ఆ సెన్సర్ కూడా కలిసి ఉన్న మోడళ్లలోనే అది వినపడుతుంది. ఇవేవీ కాకుండా 30 నుంచి 60 సెకన్లకోసారి ఒక్కటే పొట్టి కీచు వస్తే అది మంట సంగతి కాదు. బ్యాటరీ అయిపోతోందనో, లోపల సెన్సర్ పాడైందనో, తన ఆయుష్షు తీరిందనో చెబుతోంది.

మూడు బీప్‌లు మోగితే మొదట నిజమనే అనుకోవాలి. పొయ్యి చూడండి, దేవుడి గూడు దగ్గర దీపం చూడండి, ఆ తర్వాత గీజరు స్విచ్చి, ఏసీ ప్లగ్గు, ఇన్వర్టరు, ఛార్జింగుకు పెట్టిన స్కూటరు. మూసి ఉన్న గది తలుపును తెరిచే ముందు చేతి వెనక వైపుతో తాకి వేడి చూడాలి. కాలిన ప్లాస్టిక్ వాసన ఏ కాస్త వచ్చినా దాన్ని ఉత్తుత్తి అలారం అనుకోవద్దు. పొగ కనపడితే అందరూ బయటికి, లిఫ్టు ఎక్కకుండా. బయటికి వచ్చాక 101కి గానీ 112కి గానీ ఫోను. ఇవన్నీ చూసి ఏమీ లేదని తేలాకే మోత ఆపే బటన్ నొక్కాలి.

కీచు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇది విన్నంత తేలిక కాదు. ఆ శబ్దం దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత సన్నటి శబ్దం, అదీ అర క్షణం వినపడి ఆగిపోయేది, ఏ దిక్కు నుంచి వచ్చిందో చెవి సరిగా పట్టుకోలేదు. టైల్సు పరిచిన నున్నటి గదుల్లో గోడలకు కొట్టుకుని ఇంకా తికమక పెడుతుంది. వయసు మీదపడిన వాళ్లకు అసలు వినపడకపోవచ్చు. కాబట్టి ఇల్లంతా తిరుగుతూ వెతక్కండి. ఒక డిటెక్టర్ కింద కదలకుండా నిలబడి, ఫ్యాన్ ఆపి, ఒక కీచు వచ్చేదాకా ఆగండి. ఇక్కడిది కాదనుకుంటే పక్క గదికి వెళ్లి తలుపు వేసుకుని మళ్లీ ఆగండి. అన్నీ చూసినా దొరక్కపోతే అటక మీద, బీరువా సొరుగులో పడేసిన పాత డిటెక్టర్ ఏదైనా బ్యాటరీతో సహా ఉందేమో చూడండి. కంప్యూటర్ యూపీఎస్, ఇన్వర్టర్, గ్యాస్ లీక్ అలారం, నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం కూడా ఇలాంటి కీచే పెడతాయి. స్మోక్ డిటెక్టర్‌కు లేని తప్పు అంటగట్టే ముందు వాటినీ ఒకసారి చూడాలి.

బ్యాటరీ సంగతి

ఇళ్లల్లో వాడే వాటిలో చాలా వరకు 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఉంటుంది. కొన్నింటిలో రెండు పెన్‌సెల్ బ్యాటరీలు, కొన్నింటిలో 3 వోల్టుల లావు లిథియం సెల్. కొత్త రకాల్లో లోపలే సీలు చేసిన లిథియం బ్యాటరీ పదేళ్లకు సరిపడా వస్తుంది, దాన్ని మార్చడానికి వీల్లేదు. అది కీచుమనడం మొదలుపెడితే మొత్తం డబ్బానే మార్చాలి.

9 వోల్టుల బ్యాటరీ కొనేటప్పుడు కాస్త జాగ్రత్త పడాలి. షాపులో "నైన్ వోల్ట్" అంటే ముందు చేతికిచ్చేది తరచుగా కార్బన్ జింక్ రకం. దాని మీద 6ఎఫ్22 అని ఉంటుంది. రిమోట్ బొమ్మలకూ, మల్టీమీటర్‌కూ అది చాలు, డిటెక్టర్‌కు చాలదు. దాని సత్తువ దాదాపు 400 మిల్లీ ఆంపియర్ అవర్. పైగా మన ఎండలకు త్వరగా నీరసించి, అడుగున కారి కాంటాక్టులను తినేస్తుంది. అడగాల్సింది ఆల్కలైన్, దాని మీద 6ఎల్ఆర్61 అని ఉంటుంది, 500 పైమాటే. దొరికితే లిథియం 9 వోల్టులది ఇంకా మేలు, దాదాపు 1200 ఉంటుంది. ఖరీదెక్కువే అయినా మాటిమాటికీ నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి తీసుకోండి. ఏళ్ల తరబడి అద్దాల బీరువాలో ఎండ తగులుతూ ఉన్న సరుకు కొత్తదైనా పాతదే.

ఛార్జింగ్ చేసుకునే 9 వోల్టుల బ్యాటరీ మాత్రం పెట్టకండి. పేరుకు 9 గానీ వాటిలో చాలా వాటి అసలు వోల్టేజీ 7.2 లేదా 8.4. డిటెక్టర్లు మామూలుగా 7.5 వోల్టుల చుట్టుపక్కల పడిపోగానే బ్యాటరీ తక్కువైందని కీచుమంటాయి. అంటే నిండుగా ఛార్జ్ చేసి పెట్టినా త్వరలోనే ఫిర్యాదు మొదలవుతుంది. ఇంకో మాట. మల్టీమీటర్ పెట్టి చూస్తే 8.7 చూపిస్తోంది, బ్యాటరీ బాగానే ఉందిగా అంటారు. అది ఏ పనీ చేయనప్పుడు చూపే లెక్క. డిటెక్టర్ లోపలి లైటు వెలిగిన ఆ క్షణంలో వోల్టేజీ ఎంతకు పడుతుందన్నదే అసలు పరీక్ష. ఆ పతనాన్ని చూసే అది కీచుమంటుంది, మీటర్‌కు అది కనపడదు.

కీచు సరిగ్గా తెల్లవారుజామునే ఎందుకు మొదలవుతుందంటే కారణం చల్లదనం. నీరసించిన బ్యాటరీ చల్లబడితే లోపలి నిరోధం పెరుగుతుంది, వోల్టేజీ గీత కిందికి జారుతుంది. మన నెల్లూరులో చలెక్కడిది అనొచ్చు. ఏసీ 22లో పెట్టుకుని పడుకున్న గదిలో మూడు నాలుగు గంటలకు ఆ బ్యాటరీకి తగిలే చల్లదనం చాలు. పొద్దున ఏసీ ఆపి తలుపులు తీయగానే గది వేడెక్కి కీచు ఆగిపోతుంది, అందరూ దాన్ని మర్చిపోతారు. మర్చిపోవద్దు. రాత్రి కీచుమని పగలు ఊరుకుంటే బ్యాటరీ ఇక కొన్నాళ్లకు మించదు, ఆ రోజే మార్చేయండి.

బ్యాటరీ మార్చినా కీచుమంటే

ముందు చిన్నచిన్న తప్పులు చూడండి. కొత్త బ్యాటరీ కొనల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉండిపోయిందా? మూత పూర్తిగా పడిందా? కొన్ని మోడళ్లలో బ్యాటరీ అర సగమే మూసుకున్నా వెలుగు మామూలుగానే మెరుస్తుంది, కీచు మాత్రం ఆగదు. వేలితో నొక్కి "టిక్" మనేదాకా చూసుకోవాలి.

తర్వాత కాంటాక్టులు. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో ఇది ముఖ్యం. ఉప్పుగాలికి ఆ చిన్న లోహపు గుండీల మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొర కడుతుంది. బ్యాటరీ కొత్తదే, కరెంటు మాత్రం సరిగా అందదు. పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరు మొన తీసుకుని ఆ గుండీలను మెరిసేదాకా రుద్దండి, రాలిన పొడిని ఊదకుండా బ్రష్‌తో దులపండి. క్లిప్పులో ఒక గుండీ గుండ్రంగా, ఇంకోటి ఆరు రేకుల పువ్వులా ఉంటుంది. పట్టు వదులైతే ఆ రేకులను సన్నటి ప్లయర్‌తో అతి కొద్దిగా లోపలికి వంచితే బ్యాటరీ బిగుతుగా కూర్చుంటుంది. ఎక్కువ వంచితే విరుగుతాయి.

అయినా ఆగకపోతే బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్‌ను 15 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన ఛార్జీ పోతుంది, పాత "బ్యాటరీ తక్కువ" గుర్తు చెరిగిపోతుంది. మళ్లీ బ్యాటరీ పెట్టండి. కరెంటుకు తగిలించే రకమైతే ముందు మెయిన్ బోర్డులో దాని ఎంసీబీ స్విచ్చి ఆపి, ఆ తర్వాతే ఈ పని చేయాలి.

ఇప్పుడు కూడా కీచుమంటే ఎర్ర లైటును గమనించండి. చాలా మోడళ్లలో కీచూ లైటు మెరుపూ ఒకేసారి వస్తే తప్పు బ్యాటరీది. కీచు ఒక వేళకు, మెరుపు ఇంకో వేళకు వస్తే తప్పు డిటెక్టర్ లోపల పొగను పట్టే చిన్న గదిది, అంటే దుమ్ము పట్టిందో సెన్సర్ పాడైందో. ఈ ఒక్క తేడా తెలిస్తే అనవసరంగా బ్యాటరీలు కొనే పని తప్పుతుంది. మీ మోడల్‌కు ఇదే వర్తిస్తుందో లేదో వెనకనున్న స్టిక్కరు మీద గానీ, దానితో వచ్చిన కాగితంలో గానీ ఉంటుంది.

అదే స్టిక్కరు మీద తయారైన తేదీ కూడా ఉంటుంది. తయారైన రోజు నుంచి పదేళ్లు దాటితే ఇక బాగుచేసే ఆలోచన పెట్టుకోవద్దు, టెస్ట్ బటన్ నొక్కితే మోగుతున్నా సరే. కొన్న రోజు నుంచి కాదు, తయారైన రోజు నుంచి లెక్క.

ఉత్తుత్తిగా ఎందుకు మోగుతుంది

మన దగ్గర ఇళ్లకు దొరికే వాటిలో ఎక్కువ భాగం వెలుగుతో పనిచేసే రకం. నల్లటి చిన్న గది లోపల ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఇంకో పక్క దాని వెలుగు నేరుగా పడకుండా వాలుగా పెట్టిన కన్ను. గది శుభ్రంగా ఉంటే కంటికి వెలుగు చేరదు. పొగ రేణువులు లోపలికి వస్తే వెలుగు వాటికి తగిలి చెదిరి కంటి మీద పడుతుంది, మోత మొదలవుతుంది. అంటే దానికి పొగ వాసన తెలియదు, గాలిలో తేలే రేణువు ఒక్కటే తెలుసు. కుక్కర్ ఆవిరి, గీజరు నీళ్ల ఆవిరి, సున్నపు దుమ్ము, దోమల మందు స్ప్రే తుంపర, గదిలోకి దూరిన చీమ, అన్నీ దాని లెక్కలో ఒకటే.

రెండో రకం అయొనైజేషన్. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం రవ్వంత ఉంటుంది. ఎగిసిపడే మంటను త్వరగా పడుతుంది గానీ, లోలోపల రాజుకునే పొగకు ఆలస్యంగా స్పందిస్తుంది. కంటికి కనపడని సన్నటి రేణువులకు స్పందించే రకం కాబట్టి మాడిన ఎండుమిరపకాయ, వేడెక్కిన బాణలి నూనె దానికి చాలు. హాలూ వంటిల్లూ కలిసిపోయిన ఫ్లాట్లలో ఆ రకం ఉంటే ఉత్తుత్తి మోతలకు అంతుండదు. వెనక స్టిక్కరు మీద రేడియోధార్మికత గుర్తు ఉందేమో చూడండి, ఉంటే వెలుగు రకంతో మార్చేయడమే నా సలహా. కొత్తది కొనేటప్పుడు ఈఎన్ 14604 (యూరప్ ప్రమాణం) లేదా యూఎల్ 217 (అమెరికా ప్రమాణం) గుర్తు ఉన్నది తీసుకోండి. యూఎల్ 217 ఎనిమిదో కూర్పులో వంట పొగకు అనవసరంగా మోగకూడదన్న పరీక్ష కూడా చేర్చారు.

చోటు మారితే సగం గొడవ తీరుతుంది

పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరం, అంటే పది అడుగులు. బాత్రూం తలుపుకు మూడడుగులు. ఏసీ గాలి నేరుగా కొట్టే దారిలో పెట్టకూడదు, ఆ గాలి నోటికి మూడడుగుల లోపల అసలే వద్దు. చల్లగాలికి చల్లబడిన డబ్బా మీదికి, తలుపు తీయగానే తేమగాలి వచ్చి తగిలితే లోపల చెమర్చుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు వానలు పడే కాలంలో, ఈ రకం మోతలు ఎక్కువ. ట్యూబ్‌లైటుకు కూడా కనీసం అడుగు దూరం ఉండాలి.

సీలింగ్ ఫ్యాన్ విషయం చాలామంది పట్టించుకోరు. రెక్క కొసకు, డిటెక్టర్‌కు మధ్య మూడడుగులు ఉండాలి. లేకపోతే ఫ్యాన్ పొగను నెట్టేసి నిజం మంటప్పుడు ఆలస్యం చేస్తుంది, మామూలు రోజుల్లో దుమ్మును నేరుగా దాని మీదికి ఊదుతుంది. 10 అడుగులు, 12 అడుగుల పడకగదిలో లెక్క ఇలా వేసుకోండి. నడిమధ్యన 48 అంగుళాల ఫ్యాన్ ఉంటే రెక్క కొస మధ్య నుంచి రెండడుగుల దాకా వస్తుంది. 10 అడుగుల వైపు గోడ మధ్య నుంచి ఐదడుగులు, కాబట్టి కొస నుంచి గోడదాకా సరిగ్గా మూడే అడుగులు. ఆ వైపు సీలింగ్ మీద పెట్టడానికి చోటు లేదు. 12 అడుగుల వైపు గోడ ఆరడుగులు, కొస నుంచి నాలుగడుగులు మిగులుతుంది. ఆ వైపు గోడకు అడుగు దూరంలో సీలింగ్‌కు బిగిస్తే మూడడుగుల లెక్క కుదురుతుంది. అదీ కుదరకపోతే గోడకే బిగించండి, సీలింగ్ నుంచి 4 నుంచి 12 అంగుళాల కిందికి.

పై అంతస్తుల్లో, రేకుల ఇళ్లలో గోడకు పెట్టడమే నయం. రోహిణి కార్తెలో కాలిన స్లాబు కింద వేడిగాలి పొర కడుతుంది. చల్లటి పొగ ఆ పొరను దాటి పైకి చేరలేదు. పైగా చాలా డిటెక్టర్లు 38, 40 డిగ్రీల దాకానే సరిగా పనిచేస్తాయని వాటి స్టిక్కరు మీదే ఉంటుంది, మే నెల మధ్యాహ్నం స్లాబును అంటుకుని ఉండే గాలి అంతకు మించిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రమే కారణం లేకుండా మోగే డిటెక్టర్‌ను ముందు గోడ మీదికి దించి చూడండి.

ఇంకో కంటికి కనపడని దారి ఉంది. డిటెక్టర్‌ను ఫ్యాన్ బాక్సు మీదో, స్లాబులో వేసిన పైపు నోటి మీదో బిగిస్తే, ఆ పైపులోంచి గాలి వస్తుంటుంది. ఆ గాలి వెంట సిమెంటు దుమ్ము వస్తుంది, చీమలు బారులు తీరి వస్తాయి. బేస్ (డిటెక్టర్‌ను తగిలించే అడుగు పళ్లెం) తీసి, పైపు నోరూ వైర్ల చుట్టూ ఉన్న సందులూ సిలికాన్‌తో మూసేస్తే ఎన్నాళ్లుగానో ఉన్న మోత ఒక్కపూటలో ఆగిపోవడం మామూలే.

వంటిల్లు, ధూపం, బయటి పొగ

వంటింటి లోపల స్మోక్ డిటెక్టర్ పెట్టకండి. అక్కడికి వేడికి మోగే రకం సరైనది, దాదాపు 57 డిగ్రీలు దాటితేనే మోగేది. నిమిషంలో వేడి ఎంత పెరిగిందో చూసి మోగే రకం పొయ్యి పైన వద్దు, మూత తీసిన కుక్కర్‌కే అది భయపడుతుంది. గ్యాస్ లీక్ అలారం వేరు, దాని చోటు కింద. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేలకు దగ్గరగా ఉంటుంది. స్మోక్ డిటెక్టర్‌ను అక్కడ, దాన్ని పైన పెట్టి రెండూ పనిచేయడం లేదనుకునే ఇళ్లున్నాయి.

తాలింపుకు ముందే చిమ్నీ వేయాలి, పొగ లేచాక కాదు. పైపు బయటికి లేని చిమ్నీ నూనెను కొంత పడుతుంది గానీ పొగను ఇంట్లోనే తిప్పుతుంది. గానుగ వేరుశనగ నూనె రిఫైండ్ నూనె కన్నా ముందే పొగలు కక్కుతుంది కాబట్టి చేపల వేపుడుకు దాన్ని వాడేటప్పుడు మంట తగ్గించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి. మోగితే "హష్" బటన్ నొక్కండి. చాలా మోడళ్లలో అది 8 నుంచి 10 నిమిషాలు సున్నితత్వాన్ని తగ్గిస్తుంది, ఆ తర్వాత దానంతటదే మామూలుకు వస్తుంది. బ్యాటరీ పీకడానికీ దీనికీ ఉన్న తేడా అదే. బటన్ అందని ఎత్తులో ఉంటే చీపురు కట్ట వెనక భాగంతో నొక్కొచ్చు. తువ్వాలు విసిరి పొగను తోలడం కూడా పనిచేస్తుంది.

సాంబ్రాణి ధూపం గది గదికీ తిప్పే ఇళ్లలో ఆ పూట హష్ నొక్కి, కిటికీలు తెరిచి తిప్పండి. దోమల చక్రం డిటెక్టర్ కింద ముట్టించకుండా గదికి అవతలి మూల పెట్టండి. వీధిలో మున్సిపాలిటీ ఫాగింగ్ బండి వచ్చినప్పుడు, భోగి తెల్లవారుజామున, దీపావళి రాత్రి, కోతలయ్యాక వరిగడ్డి తగలబెట్టే రోజుల్లో బయటి పొగే లోపలికి వచ్చి మోగిస్తుంది. కిటికీలు మూస్తే చాలు, డిటెక్టర్‌కు ఏమీ కాలేదు.

దుమ్ము, పురుగు

వరి మళ్ల పక్కనున్న కాలనీల్లో సాయంత్రాలు లైటు చుట్టూ ముసిరే పచ్చటి పురుగులు, వాన వెలిసిన రాత్రి వచ్చే ఉసిళ్లు, ఎప్పుడూ ఉండే సాలెపురుగు, ఇవన్నీ ఆ నల్లగదిలోకి దూరతాయి. లైటుకు దగ్గరగా ఉన్న డిటెక్టర్‌కు ఈ బెడద ఎక్కువ, కాబట్టి ఇలాంటి చోట అడుగు చాలదు, మూడడుగులైనా ఎడం ఉంచండి. కొనేటప్పుడు గాలి దూరే సందుల వెనక సన్నటి జాలీ ఉందో లేదో చూడండి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల వైపు ఇళ్లకు, పక్కన కట్టుబడి పని జరుగుతున్న ఇళ్లకు రాతి దుమ్మే అసలు శత్రువు. దుమ్ము పేరుకున్న కొద్దీ లోపలి కంటికి ఎప్పుడూ కాస్త వెలుగు అందుతూ ఉంటుంది, అంటే మోత గీతకు సగం దూరం ముందే నడిచేసినట్టు. అప్పుడు అగరుబత్తి పొగ కూడా మిగతా సగాన్ని పూర్తి చేస్తుంది.

శుభ్రం చేయడానికి డిటెక్టర్‌ను ఎడమవైపు తిప్పి బేస్ నుంచి విడదీసి, బ్యాటరీ తీయండి. వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి బ్రష్ తగిలించి అన్ని సందుల చుట్టూ తిప్పండి. వాక్యూమ్ లేకపోతే కెమెరా లెన్సులకు వాడే రబ్బరు బంతి బ్లోయర్‌తో ఒకవైపు నుంచి ఊదండి. కొత్త పెయింటు బ్రష్ కూడా పనికొస్తుంది. నోటితో ఊదకండి, తేమ లోపలికి వెళ్తుంది. పైడబ్బాను తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవచ్చు, సందుల్లోకి నీళ్లు, ఫినాయిలు, కొలిన్ వంటివి పోకూడదు. చీమలు దూరాయని దాని మీద పురుగుల మందు స్ప్రే చేశారో, ఆ జిడ్డు లోపల గడ్డకట్టి డిటెక్టర్ చేయిదాటిపోతుంది. బ్యాటరీ పెట్టి, బిగించి, టెస్ట్ బటన్ నొక్కి పూర్తిగా మోగేదాకా వినండి. మామూలు ఇళ్లలో ఆరు నెలలకోసారి చాలు, క్వారీ దుమ్ము ఉన్న చోట మూడు నెలలకోసారి. టెస్ట్ బటన్ మాత్రం నెలకోసారి నొక్కాలి.

సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు, సున్నం వేసేటప్పుడు డిటెక్టర్‌ను కిందికి దించి కవర్లో చుట్టి పెట్టండి. బూజుకర్ర దులిపిన దుమ్మంతా దానిలోకే పోతుంది. పని అయ్యాక అదే రోజు తిరిగి బిగించండి. కొత్త బ్యాటరీ వేయడానికి కూడా ఏడాదిలో అదే మంచి సమయం, నిచ్చెన ఎలాగూ వేసి ఉంటుంది. బ్యాటరీ మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టండి.

అపార్టుమెంటు ప్యానెల్ ఉంటే

కారిడార్లలో, సెల్లార్‌లో ఉండే డిటెక్టర్లు బ్యాటరీవి కావు, వాచ్‌మన్ గది దగ్గరుండే ప్యానెల్ నుంచి 24 వోల్టుల కరెంటు తీసుకుంటాయి. ప్యానెల్ మీద ఎర్ర లైటు అంటే మంట హెచ్చరిక, పసుపు లైటు అంటే లోపం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని బజర్ ఆపేసే అలవాటు ప్రమాదం. ఎర్ర లైటు వెలిగితే ఏ జోన్ (భవనంలో ఏ భాగం) అని చూసి, మనిషి వెళ్లి ఆ అంతస్తు చూసి వచ్చాకే రీసెట్ చేయాలి. ఆ డిటెక్టర్ ఒకసారి మోగితే తన లైటు వెలిగించుకుని అలాగే ఉండిపోతుంది, ఏది మోగిందో కనిపెట్టడానికి. ముందే రీసెట్ కొడితే ఆ గుర్తు పోతుంది.

పసుపు లైటుకు మామూలు కారణాలు ఇవి. పెయింటర్లు ఒక డిటెక్టర్‌ను బేస్ నుంచి తీసి, తిరిగి పెట్టడం మర్చిపోవడం, జోన్ చివరనుండే రెసిస్టర్ ఊడిపోవడం, ప్యానెల్ బ్యాటరీలు చచ్చిపోవడం. లోపల సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సీలు చేసిన బ్యాటరీలు రెండు ఉంటాయి. మూడు నాలుగేళ్లకు వాటిని జంటగా మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే కొత్తది కూడా త్వరగా పోతుంది. పెయింటింగ్ అయ్యాక డిటెక్టర్ల మీద దుమ్ము మూతలు ఉండిపోతే ప్యానెల్ అంతా బాగానే ఉందని చూపిస్తుంది, పొగ మాత్రం లోపలికి పోదు. ఒక్కో అంతస్తూ తిరిగి కళ్లతో చూడాల్సిందే. వంటింటి కిటికీ కారిడార్‌లోకి తెరుచుకునే ఫ్లాటు ముందున్న డిటెక్టర్ మాటిమాటికీ మోగుతుంటే, ఆ జోన్‌ను ఐసొలేట్ చేసి (ప్యానెల్ పట్టించుకోకుండా పక్కకు పెట్టి) వదిలేయకుండా, సర్వీసు మనిషి చేత దాన్ని నాలుగైదు అడుగులు జరిపించండి.

పాతవాటిని పారేసేటప్పుడు బ్యాటరీ తీసి, దాని కొనలకు టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వండి. రేడియోధార్మికత గుర్తున్న అయొనైజేషన్ రకాన్ని మాత్రం విప్పకండి, పగలగొట్టకండి, పాత సామాను వాళ్లకు అమ్మకండి. అమ్మిన వాళ్లకో, తయారీదారుకో తిరిగి ఇచ్చే వీలు కనుక్కోండి.